సజ్జగుండ్లపల్లి: ఎక్కుటకు మాత్రమే

ప్రతి ఊరికీ ఒక చరిత్ర, ఒక భూగోళం, చూడదగ్గది ఒకటైనా ఉండి తీరాలని 1959వ సంవత్సరం ఆగస్టు నెలలో ప్రభుత్వం వారు నిర్ణయించారు. అంతకు ముందు ఇవేవీ లేకుండా ఊర్లు ఎట్లా నిలబడ్డాయో విచారించడానికి ఒక సంఘం కూడా వేశారట. సంఘం నివేదిక రాకపోయినా, ఊర్లు అలవాటు కొద్దీ నిలబడే ఉన్నాయి.

ఈ పని చూడడానికి గ్రామ వైశిష్ట్య శాఖ అనే కొత్త శాఖ పుట్టింది. దాని కచేరీని పెనుకొండలో, ఒకప్పుడు గుర్రపుసాల అని చెప్పుకునే కట్టడంలో పెట్టారు. (గుర్రాలు పోయి ఎన్ని వందల ఏండ్లయిందో తెలియదు. వాసనకు మాత్రం ఇంకా బదిలీ కాలేదు.) శాఖవారు మొట్టమొదట నమూనా 14-చ అనే కాగితం అచ్చు వేయించి ఊరూరికీ పంపారు. 14-క నుంచి 14-ఙ వరకు ఏమయ్యాయని మా కరణం లక్ష్మీనారాయణ రాసి అడిగితే, అవి ఊర్లకు సంబంధించినవి కావని జవాబు వచ్చింది.

కాగితంలో మూడు గడులు. చరిత్ర, భూగోళం, దర్శనీయం. మూడూ నిండిన ఊర్లో బస్సు రెండు నిమిషాలు ఆగుతుంది. జనం ఎక్కవచ్చు, దిగవచ్చు. రెండు నిండితే బస్సు నెమ్మదిస్తుంది. చురుకైనవారు ఆ అవకాశాన్ని వినియోగించుకోవచ్చు. ఒకటే నిండితే డ్రైవరు చేయి ఊపుతాడు. ఒక్కటీ నిండకపోతే హారన్ కొట్టి పోతాడు. ఆ హారన్ కూడా ఊరివారికి కాదు, రోడ్డు మీది పశువులకు.

మా సజ్జగుండ్లపల్లి గోరంట్ల దాటి ఆమడగూరుకు పోయే దారిలో ఉంది. పెనుకొండలో పొద్దున బయలుదేరిన బస్సు పదకొండు గంటలకు మా ఊరి ముందు ఆగి, ఆమడగూరు చేరి, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ మా మీదుగానే వెనక్కి పోయేది. రోజుకు ఆ ఒక్క బస్సే. నా చెల్లెలు గంగులమ్మ ఏడాదికి రెండుసార్లు ఆ బస్సులోనే పుట్టింటికి వచ్చేది. నన్ను ఉన్న ఊర్లోనే మేనమామ కొడుకుకు ఇచ్చారు. ఆమెను ధర్మవరం ఇచ్చారు. ఆమె భర్త ధర్మవరం జంక్షన్లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. (ఏ రైలు ఏ దారిన విడిపోవాలో లీవరు లాగి నిర్ణయించడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏండ్లలో ఒక్క రైలు కూడా ఆయన మీద కోపం పెట్టుకోలేదు.) ధర్మవరం నుంచి పెనుకొండకు రైలు, అక్కడి నుంచి బస్సు. గంగులమ్మకు మోకాళ్ళ నొప్పులు. బస్సు ఊరి ముందు ఆగితేనే రాగలదు.

కాబట్టి ప్రభుత్వం వారి మూడు గడులకు నాకు తెలిసిన అర్థం ఒక్కటే. అవి నిండితే నా చెల్లెలు దిగుతుంది. నిండకపోతే దిగదు.

గడులు నింపడానికి ఊరంతా చావడిలో కూర్చుంది. భూగోళం తొందరగానే తేలింది. ఉత్తరాన గుండ్లు, దక్షిణాన గుండ్లు, తూర్పున గుండ్లు, పడమట రోడ్డు, రోడ్డుకు అవతల గుండ్లు. నీటి వనరుల దగ్గర కరణం, 'వంక ఒకటి. మునసబు కదిరప్ప గారి తండ్రి గారి వివాహమునాడు పారినది' అని రాశాడు. ఆ గడికి ఏ ఆక్షేపణా రాలేదు.

చరిత్ర దగ్గర పని ఆగిపోయింది.

"చరిత్ర అంటే ఏం రాయాల లక్ష్మీనారాయణప్పా?" అన్నాడు మునసబు కదిరప్ప.

"ఊర్లో ఏం జరిగిందో అది."

"ఏమీ జరగల్యా గదా."

"అట్లని రాస్తే బస్సు ఆగదు."

కదిరప్ప తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "పెనుకొండలో రాజులుండిరి గదా? వాళ్ళు ఈ దావన పోయిండరా?"

"పోయిండొచ్చు."

"ఆగిండరా?"

"ఈడ ఆగేదానికి ఏముండాది?"

కరణం కలం ఆ మాట దగ్గరే కదిలింది. 'పూర్వము పలువురు రాజులు ఈ గ్రామము మీదుగా ఆగకుండా పోయియున్నారు' అని రాసి ఇసుక చల్లాడు. శాఖవారు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, 'ఆధారమేమి?' అని తిప్పి పంపారు. 'ఆగినట్లు గ్రామమునందెచ్చటనూ ఆధారములు లేవు. కావున ఆగలేదనుట రుజువైనది' అని కరణం జవాబు రాశాడు. చరిత్ర గడి ఆమోదం పొందింది. ఆ వాక్యాన్ని మా పక్క ఊర్లు పదమూడు అరువు అడిగి తీసుకున్నాయని తర్వాత తెలిసింది. అంతమంది రాజులు ఇన్ని ఊర్లలో ఆగకుండా పోయారంటే, వాళ్ళకు ఎంత తొందర పని ఉండేదో.

దర్శనీయం గడి నిలిచిపోయింది. మాకున్నవి గుండ్లే. వాటిలో ఒకటి ఏనుగులాగా ఉంటుంది. రాసి పంపాము. ఒక ఫిర్కాకు ఒక ఏనుగు గుండును మాత్రమే అనుమతిస్తామనీ, ఆ స్థానం ఇదివరకే భర్తీ అయిందనీ జవాబు. కప్ప గుండు ఉందని రాశాము. కప్పలు సర్వత్రా కలవన్నారు. కదిరప్పకు ఆవేశం వచ్చి, అన్నిటికన్నా పెద్ద గుండు దేనిలాగానూ లేదనీ, అదే దాని గొప్పదనమనీ రాయించాడు. దానికి జవాబుగా మనిషే వచ్చాడు.

ఆయన పేరు అంజనప్ప. హోదా వైశిష్ట్య పరిశీలకుడు. సొంత ఊరు హిందూపురం. ఖాకీ సంచి, నల్ల గొడుగు, చెవికి పెట్టుకున్న పెన్సిలు. పదకొండింటికి బస్సు దిగాడు, మూడింటి బస్సుకు పోవాలనుకున్నాడు. మా ఊరి సంగతి ఆయనకు తెలియదు.

మా ఊర్లో చుట్టం వస్తే ఒక బస్సు తప్పించి పంపడం ఆచారం. పోవాలనుకున్న బస్సుకే చుట్టం పోగలిగాడంటే ఆ ఇంటివాళ్ళకు తలవంపులు. బస్సులు రాక ముందు, బండి ఇరుసు చీల దాచేవాళ్ళు. మా అత్తగారు దాచిన చీల ఒకటి ఆమె పోయిన తర్వాత ఉలవల కుండలో దొరికింది. ఎవరి బండిదో, ఆ చుట్టం చివరికి ఎట్లా పోయాడో మాకు అర్థం కాలేదు. బస్సు వచ్చాక పద్ధతి మారింది. బస్సుకు చీల దాచలేము కాబట్టి, సరిగ్గా బస్సు వచ్చే వేళకు పొయ్యి మీద కాఫీ పెట్టాలి. కాఫీ దింపకముందే లేచిపోయేంత మోటువాడు ఈ జిల్లాలో ఇంతవరకు పుట్టలేదు.

అంజనప్ప కదిరప్ప ఇంటి అరుగు మీద గ్లాసు పట్టుకుని ఉండగా బస్సు హారన్ వినబడింది.

"ఏమప్పా, నా బస్సు పోయిందే!" అన్నాడు.

"పోనీలే సామీ. రేపూ వస్తాది. దానికేం పని?" అన్నాడు కదిరప్ప, ఇంకో గ్లాసు పోస్తూ.

మరుసటి రోజు మూడింటి బస్సుకు పోవలసినవాళ్ళు ఇద్దరు. పరిశీలకుడు ఒకడు, నా చెల్లెలు గంగులమ్మ ఒకతె. ఆమెకు నిన్నటి బస్సు నేను తప్పించాను.

ఊరి ఆడపడుచును సాగనంపడానికి మా ఊర్లో నియమాలున్నాయి. (అచ్చు వేయించలేదు గానీ, అచ్చు వేసిన వాటికన్నా బాగా అమలవుతాయి.) నలభై ఇండ్లవాళ్ళూ రోడ్డు పక్క బండ దగ్గరికి రావాలి. ఒక్కో ఇంటి నుంచి ఒకరు ఆమె చేయి పట్టుకుని, 'మళ్ళా ఎప్పుడొస్తావు?' అని అడగాలి. ఆమె నలభై మందికీ విడివిడిగా జవాబు చెప్పాలి. ఒకరికి చెప్పింది ఇంకొకరు విన్నారు కదా అంటే కుదరదు. ఇదంతా అయ్యేవరకు ఆమె బస్సు మెట్టు ఎక్కకూడదు.

ఆ రోజు ఇరవై అయిదు ఇండ్లు పూర్తయ్యేసరికి కండక్టరు తిమ్మప్ప బెల్లు తాడు పట్టుకుని అరవడం మొదలుపెట్టాడు.

"ఎక్కుతావా లేదా అవ్వా?"

"ఎక్కుతా ఉండు నాయనా. ఇంకా పదైదిండ్లోళ్ళు ఉండారు," అంది గంగులమ్మ.

"లోపల జనం ఉడికిపోతాండారే!"

"వాళ్ళనీ దిగమను. మజ్జిగుండాది."

వాళ్ళు దిగారు. మజ్జిగ తాగారు. తాగిన తర్వాత ఊరికే నిలబడడం బాగుండదని వాళ్ళు కూడా గంగులమ్మ చేయి పట్టుకుని మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగారు. ఆమడగూరు సంతలో రెండు మేకలు కొనుక్కుని పోతున్న ఒకాయన, ఆమె ఎవరో తెలియకుండానే ఏడ్చాడు. పరిశీలకుడు అంజనప్ప వరుసలో ముప్పై ఎనిమిదో వాడుగా నిలబడి, తన వంతు వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకోవడానికి నమూనా 14-చ తప్ప ఇంకేమీ దొరకక దాంతోనే తుడుచుకున్నాడు. బస్సు కదిలినప్పుడు చేయి ఊపుతున్న వాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. ఆ బస్సుకే తానూ పోవాలన్న సంగతి దుమ్ము అణిగిన తర్వాత జ్ఞాపకం వచ్చింది.

రాత్రి కదిరప్ప ఇంట్లో ముద్ద, ఉలవచారు తిని నివేదిక రాశాడు. 'దర్శనీయం: సాగనంపుట. స్థలం: రోడ్డు పక్క బండ. సమయం: మధ్యాహ్నము మూడు గంటలు. జిల్లాలో ఇట్టిది వేరొకచోట లేదు.' కరణం గట్టిగా చదివి వినిపించాడు. మూడు గడులూ నిండాయి. నేను ఆ వారమే చెల్లెలికి కార్డు రాశాను, నువ్వు పోవడం వల్ల మన ఊరికి పేరొచ్చింది, ఇంక నిశ్చింతగా రావచ్చునని.

1960 జనవరిలో ఉత్తర్వు వచ్చింది. రెండు మైళ్ళ అవతల నుంచే కనబడే పెద్ద బోర్డు కూడా వచ్చింది. ఉత్తర్వు సారాంశం ఇది. సజ్జగుండ్లపల్లి వైశిష్ట్యం సాగనంపుట అని తేలినందువల్ల, ఆ గ్రామాన్ని బయలుదేరు స్థలంగా గుర్తించడమైనది. ఇచ్చట బస్సు ప్రతిదినం రెండు నిమిషాలు ఆగవలెను. ఎక్కుటకు మాత్రమే. ఎవరైనా దిగినచో గ్రామ వైశిష్ట్యానికి భంగం కలుగును కనుక, దిగుట నిషిద్ధం.

"మంచిదే గదా, రెండు నిమిషాలు ఆగుతాది," అన్నాడు కదిరప్ప. ఆయన అప్పటికి మొదటి సగమే విన్నాడు.

శివరాత్రి అయిన వారానికి గంగులమ్మ వచ్చింది. పదకొండింటికి బస్సు ఆగింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుని మెట్టు దగ్గరికి వచ్చింది. తిమ్మప్ప చేయి అడ్డం పెట్టాడు.

"దిగగూడదవ్వా."

"ఎందుకు దిగగూడదు? ఈడ నేను పుట్టినానప్పా."

"పుట్టేదానికి అభ్యంతరం ల్యా. దిగేదానికే."

"మరి యాడ దిగాల?"

"ఎనక చింతమాను మలుపుకాడ దిగొచ్చు. నాలుగు మైళ్ళు."

చింతమాను మలుపులో ఎందుకు దిగవచ్చో కరణం తర్వాత వివరించాడు. ఆ మలుపులో ఊరు లేదు. ఊరు లేదు కాబట్టి నమూనా లేదు. నమూనా లేదు కాబట్టి నిషేధం లేదు. అక్కడ ఎవరైనా, ఎంతసేపైనా దిగవచ్చు.

"అక్కా, నాలుగు మైళ్ళు నేను నడవల్యాను," అంది గంగులమ్మ, మెట్టు మీద నుంచే. కింద నలభై ఇండ్లవాళ్ళు నిలబడి ఉన్నారు. తిమ్మప్ప వాచీ చూసుకున్నాడు. ఒక నిమిషం అయిపోయింది. "నువ్వన్నా ఎక్కు. నీకు ఎక్కేదానికి అడ్డం ల్యా గదా."

ఎక్కాను. ఆమడగూరు దాకా పోయాము. బస్సు తిరిగేదాకా అక్కడి చింతచెట్టు కింద కూర్చుని, నేను తెచ్చిన ఓళిగలు తింటూ, ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో అన్నీ చెప్పుకున్నాము. ఇంట్లో కూర్చుని చెప్పుకునే మాటలు చెట్టు కింద చెప్పుకుంటే సగమే తోస్తాయి. మూడింటికి బస్సు మా ఊరి ముందు ఆగింది. లేచాను. తిమ్మప్ప మళ్ళీ చేయి అడ్డం పెట్టాడు.

"నేను ఈ ఊరిదాన్నప్పా! పుట్టమ్మను. నా మజ్జిగ నువ్వెన్నిసార్లు తాగినావు!"

"ఊరిదానివైతే ఊర్లో ఉండాల. బస్సులో ఏం చేస్తాండావు?"

మళ్ళీ కూర్చున్నాను. గోరంట్ల వైపు నాలుగు మైళ్ళు పోయి, చింతమాను మలుపులో దిగి, నడిచి ఇల్లు చేరాను. చెల్లెలు అదే బస్సులో పెనుకొండకు, అక్కడి నుంచి ధర్మవరానికి పోయింది. కిటికీలో నుంచి చాలాసేపు చేయి ఊపింది. నేను ఒక్కదాన్నే కాబట్టి ఒక్కసారే అడిగాను, మళ్ళీ ఎప్పుడొస్తావని. అడిగిన తర్వాత, ఇప్పుడు వచ్చినట్టా రానట్టా అని ఇద్దరికీ అనుమానం వచ్చింది.

మరుసటి సారి మలుపు దగ్గరికి ఎద్దుల బండి పంపాము. బండిలో వచ్చినవారు సందర్శకులు కారనీ, సరుకు కింద లెక్క అనీ శాఖవారు చెప్పారు. అది సర్దుకోవచ్చు. ఆ రాళ్ళ దారికి గంగులమ్మ నడుము పట్టేసి పది రోజులు మంచం దిగలేకపోయింది. (పది రోజులు ఎక్కువ ఉందని నేను సంతోషించలేదని చెప్పను.) ఇంక బండి ఎక్కితే నడుము మిగలదని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఆమె మాకోసం బస్సులోనే మా ఊరి మీదుగా పోయి రావడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే, పుట్టింటికి పోయొస్తి అని చెప్పేదట. పదకొండు సార్లు అట్లా వచ్చింది. పోయేటప్పుడు రెండు నిమిషాలు, వచ్చేటప్పుడు రెండు నిమిషాలు. నలభై ఇండ్లు రెండు నిమిషాల్లో పట్టవు కాబట్టి ఊరు వంతులు వేసుకుంది. తూర్పు వీధివాళ్ళు పదకొండింటికి, పడమటి వీధివాళ్ళు మూడింటికి. నాకు రెండు పూటలా అనుమతి ఇచ్చారు.

ఈలోగా లెక్కలు పెనుకొండకు చేరుతూ ఉన్నాయి. ప్రతి స్థలంలో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అని రిజిస్టరులో రాయడం తిమ్మప్ప పని. మా ఊరి జనాభా రెండు వందల పన్నెండు. మొదటి ఏడాదిలో ఎక్కినవారు ఆరు వందల నలభై. దిగినవారు సున్న. ఈ లెక్క ప్రకారం సజ్జగుండ్లపల్లి ఏడాదిలో మూడుసార్లు ఖాళీ అయింది. సాగనంపడంలో ఇంతటి ప్రగతి ఏ ఊరూ సాధించలేదని మెచ్చుకుంటూ మాకు ఒక యోగ్యతాపత్రం పంపారు. దిగే వీలు కల్పించమని మేము పెట్టుకున్న అర్జీకి మాత్రం, ఖాళీ అయిన ఊరి నుంచి అర్జీ ఎట్లా వచ్చిందో సంజాయిషీ ఇమ్మన్నారు.

కరణం సంజాయిషీ ఇచ్చాడు. ఎక్కినవారే మలుపులో దిగి నడిచి వస్తున్నారని రాశాడు. నడక ఈ శాఖ పరిధిలోకి రాదన్నారు.

రెండో అర్జీకి జవాబు 1961లో వచ్చింది. ఏ స్థలంలోనైనా దిగే వీలు కల్పించాలంటే, అక్కడ దిగేవారు ఉన్నారని రుజువు కావాలి. గడచిన రెండేండ్లలో అక్కడ దిగినవారి పేర్లు, సంతకాలు జతపరచాలి.

"దిగనిస్తే గదా దిగేది?" అన్నాడు కదిరప్ప.

"దిగితే గదా దిగనిచ్చేది," అన్నాడు కరణం. ఆయనకు ఆ కచేరీ భాష అప్పటికి పూర్తిగా పట్టుబడింది.

నిజానిజాలు స్వయంగా చూడడానికి 1962లో అంజనప్ప మళ్ళీ వచ్చాడు. ఈసారి మేము కాఫీ పొద్దున్నే పెట్టాము. బస్సు ఆగింది. అంజనప్ప సంచి, గొడుగు తీసుకుని లేచాడు. తిమ్మప్ప చేయి అడ్డం పెట్టాడు.

"నేను పరిశీలకుణ్ణి!"

"తెలుసు సార్. ఎక్కుటకు మాత్రమే అని రాయించింది మీరే గదా."

అంజనప్ప ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు చదువుకున్నట్టు కనబడింది. తప్పు దొరకలేదు. తిరిగి కూర్చుని, కిటికీలో నుంచి రెండు నిమిషాలు పరిశీలన జరిపాడు. కదిరప్ప కాఫీ గ్లాసు కిటికీలో నుంచి అందించాడు. గ్లాసు ఆమడగూరు పోయి మూడింటికి తిరిగి వచ్చింది. నివేదికలో ఆయన ఉన్నది ఉన్నట్టు రాశాడు. 'సదరు స్థలమందు దిగినవారెవరూ కానరాలేదు. నేనును దిగలేదు.'

1963 సెప్టెంబరులో గంగులమ్మ దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఎవరితోనో రాయించింది. తనకు గుండె బాగాలేదనీ, డాక్టరు మాటలు మగవాళ్ళతో చెప్పి తనతో చెప్పడం లేదనీ, అంటే సంగతి తనకు అర్థమైందనీ రాయించింది. కింద ఒక మాట ఉంది. 'అక్కా, ఒక్కసారి మనూర్లో దిగాలని ఉండాది.'

కార్డు పట్టుకుని పెనుకొండ కచేరీకి పోయాను. ఎక్కడానికి అడ్డం లేదు కదా. అంజనప్పకు అప్పటికి ప్రమోషన్ వచ్చి వేరే కుర్చీలో ఉన్నాడు. వరుసలో ముప్పై ఎనిమిదో మనిషిగా నిలబడినవాడు గంగులమ్మను మరచిపోలేదు.

"ఎట్లుండాదమ్మా ఆమె?"

"ఒక్కసారి దిగితే సాలంటాది సామీ."

ఆయన చాలాసేపు నియమావళి తిప్పాడు. చివరికి ఒక పుట దగ్గర వేలు పెట్టాడు. ఏకవార అవరోహణ అనుమతి. అంటే, పేరు చెప్పిన ఒక మనిషి, తేదీ చెప్పిన ఒక రోజు, నిషిద్ధ స్థలంలో ఒక్కసారి దిగవచ్చు. అట్లా ఒకరు దిగినట్లు రిజిస్టరులోకి ఎక్కితే, ఆ స్థలంలో దిగేవారు ఉన్నారని రుజువైనట్టే. మరుసటి రోజు నుంచి అందరూ దిగవచ్చు.

"ఇదేదో ముందే చెప్పుంటే, సామీ."

"ముందు నాకూ తెల్దమ్మా. ఎవరూ ఈ పుట దాకా చదవల్యా."

ఏడు సంతకాలు కావాలి. నాలుగు పెనుకొండలోనే అయ్యాయి. అయిదోది పెట్టవలసినాయన సెలవులో హిందూపురంలో ఉన్నాడు. అంజనప్ప ఆదివారం ఇంటికి పోయినప్పుడు కాగితం తానే తీసుకుపోయి పెట్టించాడు. (నియమావళిలో ఇది తప్పు. ఆయన పేరు బయటపెట్టడం కూడా బహుశా తప్పే.) మిగిలిన రెండూ టపాలో పోయి టపాలో వచ్చాయి. తేదీ నవంబరు 18, సోమవారం అని వేశారు.

గంగులమ్మ నవంబరు 9న పోయింది. తంతి అందేసరికి మధ్యాహ్నమైంది. మూడింటి బస్సు ఎక్కాను. ఆ రోజు ఊరు నన్ను ఏమీ అడగలేదు. ధర్మవరం పోయి, జరగవలసినవి చూసి, ఎనిమిదో రోజు మలుపులో దిగి నడిచి వచ్చాను. ఇంట్లో ఉత్తర్వు ఉంది. ఏడు సంతకాలు, గుండ్రటి ముద్ర, గంగులమ్మ పేరు, తండ్రి పేరు, దిగవలసిన గంట. తేదీ మార్చడం గానీ రద్దు గానీ అర్జీదారు స్వయంగా వచ్చి కోరితే తప్ప కుదరదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

పద్దెనిమిదో తేదీ పదకొండింటికి నలభై ఇండ్లవాళ్ళూ బండ దగ్గరికి వచ్చారు. ఎవరూ పిలవలేదు. బస్సు ఆగింది. తిమ్మప్ప రిజిస్టరు చంకలో పెట్టుకుని దిగాడు. నాలుగేండ్లలో ఆయన అక్కడ దిగడం అదే మొదలు. (కండక్టరు దిగడం లెక్కలోకి రాదు.)

"అవ్వా," అన్నాడు. గొంతు బాగా తగ్గించాడు. "ఈ పొద్దు ఒక మనిషి దిగాలని ఆర్డరు. దిగల్యా అని రాస్తే ఆర్డరు మురిగిపోతాది. మళ్ళా ఈ ఊరికి ఎవరికీ ఇయ్యరు."

"దిగేది ఆమే గదప్పా."

"తెలుసవ్వా. నేనూ ధర్మవరం మీదనే వస్తి, ఆడ చెప్పినారు." రిజిస్టరు తెరిచి బండ మీద పెట్టాడు. "మీ పక్కింటోళ్ళ కోడలుండాది. నెలలు నిండినాయి. రేపు ఆయమ్మ ఆసుపత్రి నుంచి బిడ్డను ఎత్తుకోనొస్తే మలుపుకాడ దించాల్నా నేను? చెప్పు."

కదిరప్ప తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. కరణం రిజిస్టరు వైపు చూడకుండా గుండ్ల వైపు చూశాడు. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి.

"సంతకం పెట్టేదా?" అన్నాను.

"ఆమెకు రాసేది రాదు గదా. ముద్ర వెయ్యాల."

సంతకం చేయనేర్చినదాన్ని, బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేశాను. మరుసటి రోజు బోర్డు మీద 'మాత్రమే' అన్న మాట కొట్టేసి 'దిగుటకును' అని రాశారు. నెల తిరగకముందే పక్కింటి కోడలు మగబిడ్డను ఎత్తుకుని ఊరి ముందే దిగింది. శాఖవారు మాకు రెండో యోగ్యతాపత్రం పంపారు.

ఆ రిజిస్టరు పెనుకొండ కచేరీలో భద్రంగా ఉంది, ఎవరైనా అడిగి చూడవచ్చు. నా చెల్లెలు గంగులమ్మ 1963 నవంబరు 18న, పదకొండు గంటలకు సజ్జగుండ్లపల్లిలో దిగింది. తిరిగి ఎక్కినట్లు అందులో ఎక్కడా లేదు.